చర్చల కోసం ఇక్కడ నొక్కండి

మా బావ గొంతు గురించి చెప్పాలంటే ముందు తలుపుల గురించి చెప్పాలి. ఆయన పాఠం మొదలుపెడితే అటు పక్క గదివాళ్లూ ఇటు పక్క గదివాళ్లూ తలుపులు వేసుకునేవారు. ఆయన మరదల్ని నేను, అదే బడిలో లెక్కలు చెబుతాను. నా గది ఆయన గదికి సరిగ్గా పైన. నా పిల్లలు భిన్నాలు కూడుతూ కూడుతూ, కింద ఏ రాజు ఎవరి చేతిలో ఓడిపోయాడో కూడా అదే పుస్తకంలో రాసేసేవాళ్లు. చరిత్ర పరీక్షలో వాళ్లకి నా పుణ్యమా అని కాదు, మా బావ గొంతు పుణ్యమా అని మార్కులొచ్చేవి. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు మైకు మాస్టారు. ఆ పేరు తనకి తెలియనట్టు నటించేవాడు గానీ లోపల్లోపల తెగ మురిసిపోయేవాడు.

బడిలో నేనాయన్ని ‘మాస్టారూ, మీరు’ అంటాను. ఇంటికొస్తే ‘బావా, నువ్వు’. మా అక్కావాళ్లు కింది వాటాలో, నేను పై వాటాలో ఉంటాం. అంటే బడిలోనూ ఇంట్లోనూ కూడా ఆయన నెత్తిమీదే నా కాపురం. ఆ మాట ఆయనే అనేవాడు, వీధి చివరిదాకా వినబడేట్టు.

అలాంటి గొంతు పోయింది. ఒక్కరోజులో పోలేదు. మొదట బొంగురుపోయింది, జలుబన్నాడు. తర్వాత మధ్యమధ్యలో మాట తెగిపోయేది, దుమ్మన్నాడు. మా అక్క చెవినిల్లు కట్టుకుని పోరితే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. గొంతులో మాట పుట్టే చోట కండ పెరిగిందన్నారు. కోశారు. చాలాకాలం మాట్లాడొద్దన్నారు. మాట్లాడలేదు. చివరికి నోరు తెరిస్తే వచ్చింది గొంతు కాదు, గొంతు తాలూకు గాలి. ఎదురుగా కూర్చుని పెదాల వంక చూస్తే అర్థమయ్యేది. తల తిప్పితే లేదు.

బడికి తిరిగొచ్చిన రోజు పెద్ద మేడం ఆయన్ని గదిలోకి పిలిచింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషయితే తిట్టుకోడానికైనా ఉండేది.

“ఈ ఏడాదికి చూద్దాం మాస్టారూ. పిల్లల ఇళ్ల దగ్గర్నుంచి మాట రాకపోతే క్లాసు మీదే. వస్తే మాత్రం నేనేమీ చెయ్యలేను. ఆఫీసులోకి మారుస్తాను. మీకు వచ్చే లోటేం ఉండదు” అంది.

లోటుండదన్న మాట పట్టుకుని మా అక్క సంబరపడింది. “ఆఫీసులో అయితే ఏమైందండీ? ఆ కుర్చీకేమన్నా ముళ్లుంటాయా?” అని అడిగింది.

“పిల్లలుండరు” అన్నాడు బావ. మా అక్క ఆయన పెదాల వంకే చూస్తోంది కాబట్టి వినిపించింది.

మైకు పెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. అందరికీ అనిపించింది. చొక్కాకి తగిలించుకునే మైకు తెచ్చాం, డబ్బా స్పీకరు తెచ్చాం. అది ఆయన మాటని పెంచలేదు, మాట చుట్టూ ఉన్న గాలిని పెంచింది. గదంతా ఎవరో ఆయాసపడుతున్నట్టు ఒకటే చప్పుడు. ముందు బెంచీలో ఒక పిల్ల భయపడి ఏడ్చింది. ఆ డబ్బా ఇప్పటికీ స్టాఫ్‌రూములో బీరువా మీద ఉంది. దాని మీద సైన్సు మేడం గొడుగు పెట్టుకుంటుంది.

ఇక తరగతి పేజీ సంగతి. మా బడిలో ప్రతి తరగతికీ ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉండాలని పెద్ద మేడం పట్టుబట్టింది. టైమ్‌టేబులు, హోంవర్కు, ఫొటోలు. కుడిపక్కన ‘చర్చల కోసం ఇక్కడ నొక్కండి’ అని ఒక గడి. ఏ తరగతి పేజీ తాళం, అంటే పాస్‌వర్డు, ఆ క్లాసు టీచరు దగ్గరే ఉంటుంది. ఆ చర్చల గడిలో ఏం పెట్టాలో మాలో ఎవరికీ తెలియదు. నేనొక లెక్కల పొడుపుకథల బృందం లింకు పెట్టి చేతులు దులుపుకున్నాను. సైన్సు మేడం పెట్టిన లింకు నొక్కితే తిరిగి తిరిగి అదే పేజీ వచ్చేది, ఆవిడకి అదీ గొప్పగానే ఉండేది. ఏళ్ల తరబడి ఆ గడిని పట్టించుకున్న పాపాన పోయినవాళ్లు లేరు. బావ ఆ గడిని పట్టుకున్నాడు.

“మాట బయటికి రావడానికి నోరొక్కటే దారా?” అన్నాడు ఒక సాయంత్రం నాతో. కళ్లు మెరుస్తున్నాయి. “క్లాసులో నేను కాస్త చెబుతాను. మిగతాది పిల్లలు అక్కడ వాదించుకుంటారు. నేను రాసి జవాబిస్తాను. చర్చ నడిచిందనుకో, నా గొంతుతో ఎవరికీ పనుండదు. ఇళ్ల దగ్గర్నుంచి మాటెందుకొస్తుంది?”

ఆ గడి మీద ఆయన అంత ఆశ పెట్టుకున్నాడు. నేను వెటకారం చేద్దామనుకుని ఆ మొహం చూసి ఊరుకున్నాను.

లింకులు వెతకడం మొదలుపెట్టాడు. ప్రతిదీ తను ముందు ఆసాంతం చదివి, పిల్లలకి పనికొస్తుందనుకుంటేనే పెట్టేవాడు. పాత కోటల గురించి మాట్లాడుకునే బృందం ఒకటి దొరికింది. తీరా పెట్టాక అందులో ఇద్దరు పెద్దమనుషులు ఒక గోడ ఎవరు కట్టించారన్న దాని మీద ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఒకరు తవ్వుకున్నారు. పరుగున వెళ్లి తీసేశాడు. పాత నాణేలవాళ్ల బృందం బాగానే ఉందనుకుంటుండగా ఉన్నట్టుండి పరుపుల దుకాణమై కూర్చుంది. ఇలా కాదని తనే ఒక చర్చావేదిక తయారుచేసి, మొదటి ప్రశ్న రాశాడు: ‘ఓడిపోయిన రాజు ఎలాంటివాడో మనకి చెప్పింది ఎవరు? గెలిచినవాడేనా?’

మంచి ప్రశ్న. నాకే జవాబు రాయాలనిపించింది. పిల్లలెవరూ రాయలేదు. బావ టీ తాగుతూ చూసేవాడు, భోజనం మధ్యలో ఎడమచేత్తో ఫోను తెరిచి చూసేవాడు. “పొయ్యి మీద పాలు పెట్టినట్టు ఏమిటండీ ఆ తొంగిచూడ్డం?” అని మా అక్క విసుక్కునేది. చివరికి ఒకరోజు ఒక జవాబొచ్చింది. ‘సార్, రేపు టెస్టుందా?’ అని. ఆ పిల్లాడికి బావ టెస్టు లేదని చెప్పి, అసలు పరీక్షలు ఎందుకు పుట్టాయో వివరంగా రాసి, దీనిమీద నీ అభిప్రాయం చెప్పమని అడిగాడు. టెస్టు లేదని తెలిశాక ఆ పిల్లాడు మళ్లీ ఆ ఛాయలకి రాలేదు.

మనిషి దిగాలుపడ్డాడు. ఒకరోజు క్లాసులో నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాశాడట, ‘పాఠం గురించి మీరు అసలెక్కడైనా మాట్లాడుకుంటారా?’ అని. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. క్లాసు లీడరు లేచింది. పొడుగ్గా ఉంటుంది, కళ్లజోడు, అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల. అందరూ లీడరమ్మ అంటారు.

“మాకొక గ్రూపుంది సార్. రోజూ సాయంత్రం మీ పాఠం గురించే మాట్లాడుకుంటాం” అందట.

ఆ రోజు బావ ఇంటికొచ్చిన తీరు చూడాలి. చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశాడు. “ఉందట! రోజూనట! నా పాఠం గురించేనట!” అని ఆ ఉన్న గాలినంతా ఖర్చుపెట్టేశాడు. మా అక్క నీళ్ల గ్లాసు పట్టుకుని వెనకే తిరిగింది.

లింకు ఇమ్మని లీడరమ్మని అడిగాడు. ఆ పిల్ల నీళ్లు నమిలింది.

“ఎందుకు సార్?”

“పేజీలో పెడతాను. మధ్యలో చేరినవాళ్లకి, ఎవరితోనూ కలవనివాళ్లకి తెలియొద్దా?”

“పెట్టండి సార్. మీరు మాత్రం లోపలికి రాకండి సార్.”

“రాను. మీ మాటలు మీవి.”

ఆ సాయంత్రమే లింకు ఆయన ఫోనుకొచ్చింది. ఆ రాత్రి భోజనాలకి ముందే అది పేజీ ఎక్కింది. కోటలవాళ్లవీ నాణేలవాళ్లవీ అక్షరం అక్షరం చదివి పెట్టిన మనిషి దీన్ని మాత్రం ఒక్కసారి కూడా తెరవలేదు.

“చూడకుండా పెట్టావా బావా?” అన్నాను.

“మాటిచ్చాను.”

“మాటిస్తే? క్లాసు టీచరువి, ఒక కన్నేసి ఉంచాలి కదా?”

“పిల్లలు మాట్లాడుకునే చోట మాస్టారు దూరితే అది మళ్లీ క్లాసే అవుతుంది” అన్నాడు. ఇలాంటి పిచ్చిపని ఆయన తప్ప ఇంకెవరూ చెయ్యరు. వేరేవాళ్లయితే మాటిచ్చి మరీ చూసేవాళ్లు.

తర్వాత కొన్నివారాలు మా ఇంట్లో పండగే. హోంవర్కులో పిల్లల జవాబులు పెరిగాయన్నాడు. అందరూ దాదాపు ఒకేలా రాస్తున్నారు, చర్చ ఫలిస్తోందన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒకరోజు మాత్రం తల గోక్కున్నాడు. క్లాసు మొత్తం ఒక సేనాపతిని రెండుసార్లు చంపేసింది. రెండు వేరువేరు యుద్ధాల్లో. “రెండోసారి ఎక్కణ్ణుంచి లేచొచ్చాడే వీడు?” అని నవ్వి, అందరికీ ఒక్కో మార్కు తీసేశాడు. నేనూ నవ్వాను.

ఆ మధ్యే తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. హాల్లో తెర, ప్రొజెక్టరు, వరసగా కుర్చీలు. ఒక్కో క్లాసు టీచరు లేచి తమ పేజీ చూపించాలి. బావ మాట్లాడాల్సిందంతా ముందే టైపు చేసి పెట్టుకున్నాడు. తెర మీద ఒక్కో వాక్యం వస్తుంటే తను పక్కన నిలబడి చూపించేవాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త కళ్లజోడు. చివర్లో చర్చల గడి దగ్గరికొచ్చాడు. అన్ని పేజీల్లోకీ ఆయన గడే నిండుగా ఉంది. పిల్లల గ్రూపు లింకు మీద కర్ర ఆనించి, అది మాత్రం టైపు చెయ్యకుండా నోటితో చెప్పాడు.

“ఇది వాళ్లంతట వాళ్లు పెట్టుకున్నది.”

“కాస్త గట్టిగా చెప్పండి మాస్టారూ” అన్నాడు మధ్య వరసలో బట్టల కొట్టాయన. ఆయన కొడుకు ఆ క్లాసే. బావ మళ్లీ చెప్పాడు. వినబడలేదు. ఆయనకి విసుగొచ్చి, లింకు ఎలాగూ పేజీలో ఉంది కదా అని తన ఫోనులో తెరిచాడు. లింకు ఉన్నవాళ్లెవరైనా చదవొచ్చు. చదివాడు. ముందు లోపల్లోపల, తర్వాత పైకే చదవడం మొదలుపెట్టాడు. ఆయనకి మాత్రం గొంతుంది.

“‘మొదటి బెంచీ: ఇవాళ యుద్ధం ఎందుకొచ్చిందో చెప్పారు. పన్నులు పెంచారట. కిటికీ పక్కవాళ్లు: ఎవరు పెంచారు? మొదటి బెంచీ: అప్పుడు దగ్గొచ్చింది, వినబడలేదు. మూడో బెంచీ: సేనాపతి చనిపోయాడు. ఏ యుద్ధంలో? తెలీదు, రెండింటిలోనూ రాసేద్దాం. చివరి బెంచీ: మాకు పెదాలు కదలడమొక్కటే కనిపించింది, ఎవరైనా మొత్తం పంపండి.’”

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బట్టల కొట్టాయన నవ్వలేదు. ఆయన వేలు ఫోను మీద పైకి పోతోంది, మొదట్లో పిల్లలు పెట్టుకున్న నియమాల దాకా.

“‘ఒకటి, సార్‌ని మళ్లీ చెప్పమని ఎవరూ అడగొద్దు, గొంతు నొప్పెడుతుంది. రెండు, వినబడకపోయినా తలూపాలి. మూడు...’” అక్కడ ఆయన ఆగాడు. ఆపేసి కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. “‘మూడు, ఇంట్లో ఎవరూ చెప్పొద్దు. చెబితే సార్‌ని తీసేస్తారు.’”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషి మీద పడి ఫోను లాక్కోవాలనిపించింది. కానీ ఏమని తిట్టను? కొడుకు సగం ఏడాది పాఠం ఊహించుకుని చదువుతున్నాడని తెలిస్తే ఏ తండ్రి ఊరుకుంటాడు? ఆయన మొహంలో కోపం కూడా లేదు. “మాస్టారూ, మీమీద నాకు గౌరవమే. కానీ పిల్లల చదువు...” అని చేతులు జోడించాడు. బావ కర్ర ఇంకా ఆ లింకు మీదే ఉంది. దింపడం మర్చిపోయాడు. నేనే వెళ్లి తీసుకున్నాను.

ఇన్నాళ్లూ పిల్లలు కడుపులో పెట్టుకుని కాపాడుకొచ్చారు. పెళ్లికి పిలిచినట్టు ఊరందర్నీ పిలిచి చూపించింది బావే.

సమావేశం అయ్యాక పెద్ద మేడం గదికి నేనూ వెంట వెళ్లాను. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు. అనడానికేముంది, ముందే అనుకున్న మాటే. “సోమవారం నుంచి ఆఫీసులోకి రండి మాస్టారూ. ముందు ఆ లింకు తీసేయండి. మీ పాస్‌వర్డుతో తప్ప తియ్యడానికి లేదు” అంది.

కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తీసే ముందు నా వంక తిరిగాడు.

“ఇప్పుడు చూడొచ్చా?”

“అందరూ చూశారు బావా. నువ్వే మిగిలావు” అన్నాను. బడిలో ‘బావా’ అనడం అదే మొదటిసారి.

చదివాడు. చాలాసేపు చదివాడు. ఒక్కో పాఠానికి ఒక్కో సాయంత్రం. ముందు బెంచీవాళ్లు విన్నది ముందు రాస్తారు, వెనకవాళ్లు అడుగుతారు, పుస్తకం తెరిచి ఒకరు, ఇంట్లో పెద్దవాళ్లనడిగి ఒకరు సందులు పూడుస్తారు. ఆయన అడిగిన ఆ ఓడిపోయిన రాజు ప్రశ్న కూడా ఉంది. దానిమీద పోట్లాడుకున్నారు, అలిగారు, మళ్లీ కలిశారు. బావ ఏ చర్చ కోసం లింకుల వెంట కాళ్లరిగేలా తిరిగాడో ఆ చర్చంతా అక్కడే ఉంది, ఆయన లేకుండా.

“ఎంత బాగా మాట్లాడుకున్నారే” అన్నాడు. తర్వాత తెర వదిలి నా వైపు తిరిగాడు. “నేను చెప్పింది ఇందులో పావు వంతు కూడా లేదు. వీళ్లే చెప్పుకున్నారు. నేను రోజూ పోయి ఎదురుగా నిలబడి నోరాడించాను, వీళ్లు జాలిపడి తలూపారు. నేను వాళ్ల మాస్టార్ని కాదే. వాళ్లు మోసిన బరువుని.”

కాదని చెప్పాలి. మరదల్ని, నోటి దురుసుదాన్ని, ప్రతి మాటకీ రెండు మాటలు అప్పజెప్పేదాన్ని. మౌసు ఆయన చేతి దగ్గరికి జరిపాను. ఆయన లింకు తీసేశాడు. గడిలో ఖాళీ వచ్చింది.

మర్నాడు లీడరమ్మ పై అంతస్తుకి వచ్చి, నా టేబులు పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. “ఆ పేజీ ఎవరూ చూడరనుకున్నాం మేడం. మేమే చూడం. అడిగితే ఇవ్వననలేకపోయాను” అంది. గ్రూపు మూసేశారట. ఇక అవసరం లేదని ఇళ్లల్లో చెప్పారట. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. రావాలని ప్రయత్నించాను, అదీ చేతకాలేదు.

బావకి ఆఫీసులో పని ఏమిచ్చారో తెలుసా? అన్ని తరగతుల పేజీలూ చూసుకోవడం. ‘మీకు ఈ పని బాగా వచ్చు కదా మాస్టారూ’ అని పెద్ద మేడం మంచి మనసుతోనే ఇచ్చింది. ఇప్పుడు ఏ టీచరుకైనా చర్చల గడిలో లింకు కావాలంటే చీటీ మీద రాసి ఆయన కిటికీలో పెట్టి పోతారు. ఆయన తెరిచి, ఆసాంతం చదివి, పెడతాడు. తన పాత క్లాసు పేజీలో తన పేరు తీసి, కొత్తగా వచ్చిన చరిత్ర మాస్టారి పేరు తనే టైపు చేశాడు. అక్షరదోషం ఉందేమోనని రెండుసార్లు చూసుకున్నాడు.

కొత్త మాస్టారు కుర్రవాడు. ఖంగుమనే గొంతు. నా గదిలోకి నేల కింద నుంచి వినబడుతుంది. నా పిల్లలు మళ్లీ భిన్నాల పక్కన రాజుల పేర్లు రాస్తున్నారు. ఒకరోజు ఏదో పని మీద దిగుతూ ఆ క్లాసులోకి చూశాను. అందరూ తల వంచుకుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నారు. ఎవరూ ఎవరి వంకా చూడ్డంలేదు, అవసరం లేదు మరి.

ఇంట్లో బావ మాట బాగా తగ్గింది. డాక్టరు వద్దన్నాడని కాదు. మా అక్క కావాలని గొడవ పెట్టుకుంటుంది, రెండు మాటలన్నా అంటాడని. కూర మాడ్చి చూసింది. తిని లేచిపోయాడు. ఆమె వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే నేను గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు చేశాను, ఆయనకి వినబడకూడదని.

మొన్న సాయంత్రం బడి వదిలాక ఆఫీసు కిటికీ దగ్గర ఆగాను. కంప్యూటరు ముందు ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి వేలితో రమ్మన్నాడు. లోపలికి వెళ్లి, ఎదురుగా వంగి, పెదాల వంక చూశాను.

“నా పిల్లలకి ఇప్పుడు పాఠం వినిపిస్తోందా?”

“ఆఁ.”

“చివరి బెంచీకి?”

ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. వినిపించడం లేదని అబద్ధమే చెబుదామనుకున్నాను. వినిపిస్తోందంటే ఆయనకి నొప్పో, వినిపించడం లేదంటే నొప్పో, నాకు తెలియలేదు.

“వినిపిస్తోంది బావా” అన్నాను.

తలూపాడు. సంతోషంగానే ఊపాడు, మాస్టారు కదా. తర్వాత తెర వైపు తిరిగి, ఎవరిదో లింకు సగంలో ఉంటే అది పూర్తిచేసుకున్నాడు.